ఏ నూటికి ఎంత?

బడి ముఖం చూడని మన పెద్దవాళ్లను వడ్డీ లెక్కలో మోసం చేయడం అంత తేలిక కాదు. ఊళ్లో ఎవరైనా "రెండు రూపాయల వడ్డీ" అంటే అది నూటికి నెలకు రెండు రూపాయలని, ఏడాది తిరిగేసరికి నూటికి 24 అవుతుందని వాళ్లకు తెలుసు. బ్యాంకులో ఎవరైనా "ఏడు శాతం" అంటే "నెలకా, ఏడాదికా?" అని అడిగి మరీ తెలుసుకుంటారు. వాళ్లకు లవం, హారం అనే మాటలు తెలియవు. కానీ హారం ఏమిటో తెలియకుండా నూటికి ఎంత అన్న మాటకు అర్థం లేదని తెలుసు. చదువుకున్న మనం మాత్రం పేపర్లో "30 శాతం మంది" అని కనిపిస్తే ఏ నూటిలో 30 అని అడగకుండా పేజీ తిప్పేస్తాం.

మా ఇళ్లలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి తరం మేము. ఇప్పుడు పీజీలో గణాంకాలు, ప్రాజెక్టు పనులు, కంప్యూటర్ గ్రాఫులు మా చేతికి వచ్చాయి. ఇన్నాళ్లూ సర్వేల్లో మన పేర్లు వేరేవాళ్లు రాసుకున్నారు. ఇక మీదట ఆ సర్వేలు మనలో కొందరమే చేస్తాం. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఒక చిన్న లెక్క గురించి పెద్దగా మాట్లాడదలచుకున్నాం. ఒక మనిషి ఒకటి కంటే ఎక్కువ జవాబులు ఇవ్వగలిగిన ప్రశ్నకు శాతం ఎలా కట్టాలి? మా అభిప్రాయం సూటిగా చెబుతాం. హారంలో ఉండాల్సింది మనుషులు, టిక్కులు కాదు. ఏమీ టిక్కు పెట్టని మనిషి కూడా ఆ హారంలో ఉండాలి.

ఇది ఎందుకు ముఖ్యమో మనకు తెలిసిన ఉదాహరణతోనే చూద్దాం. ఇవి నిజమైన అంకెలు కావు, లెక్క అర్థం కావడానికి కల్పించుకున్నవి. ఒక హాస్టల్లో వంద మంది విద్యార్థులు ఉన్నారనుకుందాం. అందరికీ ఒక కాగితం ఇచ్చి "మీకున్న ఇబ్బందులు ఏవి? వర్తించేవన్నీ టిక్కు పెట్టండి" అని అడిగాం. మరుగుదొడ్లకు 72 టిక్కులు, నీళ్లకు 60, భోజనానికి 48, పుస్తకాలకు 36, లైట్లకు 24 వచ్చాయి. మొత్తం టిక్కులు 240. పది మంది ఏ గడిలోనూ టిక్కు పెట్టలేదు.

ఇప్పుడు మరుగుదొడ్ల ఇబ్బంది ఎంత శాతం? వంద మంది విద్యార్థుల్లో 72 మంది అన్నారు కాబట్టి 72 శాతం. అదే 72ను 240 టిక్కులతో భాగిస్తే 30 శాతం. టిక్కు పెట్టిన 90 మందితో మాత్రమే భాగిస్తే 80 శాతం. కాగితాలు అవే, పిల్లలు వాళ్లే, మరుగుదొడ్లు అవే. అంకెలు మాత్రం మూడు. ఈ మూడింటిలో ఏదీ కూడిక తప్పు కాదు. కానీ పై అధికారి బల్ల మీదికి "మరుగుదొడ్ల సమస్య 30 శాతం" అని వెళితే ఆయన ఏమనుకుంటారు? నూటికి 70 మందికి ఏ ఇబ్బందీ లేదనుకుంటారు. నిజానికి నూటికి 72 మంది ఇబ్బంది పడుతున్నారు. మరమ్మతుల డబ్బు ఏ హాస్టల్‌కు ముందు మంజూరు కావాలో తేల్చే చోట ఈ తేడా చిన్నది కాదు.

టిక్కులను హారంగా పెట్టినప్పుడు ఇంకో అన్యాయం కూడా జరుగుతుంది. ఐదు గడులూ నింపిన విద్యార్థి ఆ లెక్కలో ఐదుసార్లు మాట్లాడతాడు. నీళ్లు ఒక్కటే చాలనుకుని ఒక్క టిక్కు పెట్టిన ఆరో తరగతి పిల్లవాడు ఒక్కసారే మాట్లాడతాడు. ఏమీ పెట్టని పది మంది అసలు లేనే లేరు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేడ్కర్ చేసిన ప్రసంగంలో రాజకీయాల్లో వచ్చిన సమానత్వం సామాజిక, ఆర్థిక జీవితంలో ఇంకా రాలేదని హెచ్చరించారు. మనుషులందరికీ ఒకే విలువ అన్నది ఓటు దగ్గరే ఆగిపోకూడదు. సర్వే కాగితం దగ్గర కూడా ఒక మనిషి ఒక మనిషిగానే లెక్కకు రావాలి.

అయితే ఎవరో కావాలని ఇలా చేస్తున్నారని మేము అనడం లేదు. చాలాసార్లు ఈ పని సాఫ్ట్‌వేరే చేసేస్తుంది. ఎక్సెల్‌లో ఐదు అంకెలు ఇచ్చి పై చార్ట్ గీయమంటే అది ఆ ఐదింటినీ కూడి, ఆ మొత్తాన్నే నూరుగా తీసుకుంటుంది. మన ఉదాహరణలో మరుగుదొడ్ల ముక్క మీద 30 శాతం అని దానంతట అదే రాస్తుంది. వంద మంది విద్యార్థుల సంగతి దానికి మనం చెప్పలేదు, అది అడగదు. చూసేవాళ్లకు గుండ్రటి బొమ్మ అందంగా ఉంటుంది, నూరు నిండినట్టు కనిపిస్తుంది. పై చార్ట్ అంటే ఒకే మొత్తాన్ని ముక్కలుగా కోయడం. ఒకే విద్యార్థి మూడు ముక్కల్లో ఉన్నప్పుడు ఆ బొమ్మ పనికిరాదు. అలాంటి ప్రశ్నకు విడివిడి కడ్డీల గ్రాఫే సరైనది. ప్రతి కడ్డీ సున్నా నుంచి నూరు వరకు తనంతట తాను నిలబడాలి.

ఎస్పీఎస్ఎస్ వాడే మిత్రులు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. అందులో బహుళ జవాబుల పట్టిక అడిగితే రెండు శాతాలు పక్కపక్కనే వస్తాయి. ఒకటి జవాబుల్లో శాతం, దాని మొత్తం కచ్చితంగా 100. రెండోది "పర్సెంట్ ఆఫ్ కేసెస్", అంటే మనుషుల్లో శాతం, దాని మొత్తం 100 దాటుతుంది. చాలామంది 100 దాటిన వరుసను చూసి ఏదో తప్పు వచ్చిందని భయపడి, మొదటి వరుసను నివేదికలో ఎక్కిస్తారు. భయపడాల్సిన పని లేదు. ఒక్కొక్కరు రెండు మూడు జవాబులు ఇచ్చినప్పుడు మొత్తం నూరు దాటడమే సరైన లెక్క. కానీ ఆ రెండో వరుసలో కూడా ఒక చిక్కు ఉంది. ఉంటే 1, లేకుంటే 0 అని నింపిన పట్టికలో, ఏ ఒక్కదానికీ 1 లేని మనిషిని ఆ సాఫ్ట్‌వేర్ జవాబు ఇవ్వనివాడిగా లెక్కగట్టి పక్కన పెట్టేస్తుంది. మన ఉదాహరణలో అది 72 అని కాక 80 అని చూపిస్తుంది. ఎంత మందిని తీసుకున్నది, ఎంత మందిని వదిలేసింది అది విడిగా చెబుతుంది. ఆ వరుసను చదివేవాళ్లు తక్కువ.

గూగుల్ ఫారంలో పరిస్థితి కొంత మేలు. వర్తించేవన్నీ ఎంచుకునే ప్రశ్నకు అది కడ్డీల గ్రాఫే ఇస్తుంది, శాతం కూడా జవాబిచ్చిన మనుషుల మీదే కడుతుంది. కానీ ఆ ప్రశ్నను ఖాళీగా వదిలేసినవాళ్లు అక్కడా లెక్కలోకి రారు. అందుకే "పై వాటిలో ఏదీ లేదు" అనే గడి ప్రతి ప్రశ్న కింద తప్పనిసరిగా ఉండాలి. అప్పుడు ఇబ్బంది లేనివాడెవరో, అసలు ప్రశ్న చదవనివాడెవరో విడిగా తెలుస్తుంది.

ఈ "ఏదీ లేదు" గడి విలువ తెలియాలంటే 2011 జనగణన చూడాలి. ఆ లెక్కల్లో ప్రతి ఇంటినీ రేడియో, టీవీ, కంప్యూటర్, ఫోను, సైకిలు, స్కూటరు, కారు ఉన్నాయా అని అడిగారు. దేశం మొత్తంలో 47.2 శాతం ఇళ్లలో టీవీ, 63.2 శాతం ఇళ్లలో ఫోను, 44.8 శాతం ఇళ్లలో సైకిలు ఉన్నట్టు తేలింది. ఈ మూడు కలిపితేనే 155.2 అవుతుంది. జనగణన వాళ్లు దానికి సిగ్గుపడలేదు. ఎందుకంటే వాళ్ల హారం ఇళ్లు, వస్తువులు కాదు. అంతకంటే ముఖ్యం, ఆ వస్తువుల్లో ఏ ఒక్కటీ లేని ఇళ్లు 17.8 శాతమని విడిగా ఒక గడిలో రాశారు. ఆ గడి లేకపోయి, ఏదో ఒక వస్తువు ఉన్న ఇళ్లనే హారంగా తీసుకుంటే ఏమయ్యేది? టీవీ ఉన్న ఇళ్లు 47.2 నుంచి 57.4కు, ఫోను ఉన్న ఇళ్లు 63.2 నుంచి 76.9కు ఎగబాకేవి. ఒక్క ఇంటికి కూడా కొత్తగా టీవీ రాకుండానే దేశం బాగుపడిపోయేది. మన తాతల ఇళ్లు, మనలో చాలామంది చిన్నప్పటి ఇళ్లు ఉన్నది ఆ 17.8లోనే. ఆ గడి చెరిపేస్తే పట్టికలో మనం ఉండం.

అమెరికాలో కూడా ఇలాంటి చర్చే జరిగింది. 2000 జనగణనలో అక్కడ మొదటిసారి ఒక మనిషి తన జాతిని ఒకటి కంటే ఎక్కువ గడుల్లో గుర్తించుకునే వీలిచ్చారు. 68 లక్షల మంది, అంటే 2.4 శాతం, అలా గుర్తించుకున్నారు. వాళ్లను ఏ గడిలో వేయాలి? అక్కడి జనగణన శాఖ రెండు రకాల లెక్కలు ప్రకటిస్తుంది. ఆ ఒక్క గడి మాత్రమే ఎంచుకున్నవాళ్లు ఒక లెక్క, ఆ గడితోపాటు ఇంకోటి కూడా ఎంచుకున్నవాళ్లను కలిపితే ఇంకో లెక్క. రెండో లెక్కలో జాతులన్నీ కూడితే నూరు దాటుతుంది. దాటుతుందని ముందే చెప్పి ప్రకటిస్తారు. మేము కోరుతున్నదీ అంతే. ఏ లెక్క కట్టారో చెప్పి కట్టండి.

ఇక మన కృష్ణా డెల్టాకు వద్దాం. మనలో ఎక్కువమంది కౌలు రైతుల పిల్లలం, కూలీల పిల్లలం. అప్పు మన ఇంట్లో ఒక మనిషిలా తిరుగుతుంది. 2003లో జాతీయ నమూనా సర్వే 59వ విడతలో రైతు కుటుంబాల అప్పులు లెక్కించారు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 82 శాతం రైతు కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయని, దేశంలో అదే అన్నిటికంటే ఎక్కువని తేలింది. దేశం మొత్తానికి ఆ అంకె 48.6 శాతం. ఇక్కడ హారం కుటుంబాలు. అదే సర్వేలో ఆ అప్పు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేటప్పుడు హారం మారింది. దేశం మొత్తంలో ప్రతి వెయ్యి రూపాయల అప్పులో 356 రూపాయలు బ్యాంకులవి, 257 రూపాయలు వడ్డీ వ్యాపారులవి, 196 రూపాయలు సహకార సంఘాలవి అన్నారు. ఇక్కడ హారం రూపాయలు. సర్వే వాళ్లు ఇది స్పష్టంగానే రాశారు. దాన్ని చదివినవాళ్లు "25.7 శాతం రైతులు వడ్డీ వ్యాపారుల దగ్గర అప్పు తెస్తున్నారు" అని రాస్తే మాత్రం అది వేరే మాట అయిపోతుంది.

ఎందుకో మళ్లీ కల్పిత లెక్కతోనే చూద్దాం. ఒక ఊళ్లో ఐదుగురు రైతులు. సొంత భూమి ఉన్న ఒకాయన పట్టాదారు పాసుపుస్తకం చూపించి బ్యాంకులో రెండు లక్షలు తెచ్చాడు. పాసుపుస్తకం లేని నలుగురు కౌలు రైతులు తలా 25 వేలు వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చారు. రూపాయలను లెక్కిస్తే మూడు లక్షల్లో రెండు లక్షలు, అంటే దాదాపు 67 శాతం అప్పు బ్యాంకుదే. బాగానే ఉందే అనిపిస్తుంది. మనుషులను లెక్కిస్తే ఐదుగురిలో నలుగురు, అంటే 80 శాతం, వడ్డీ వ్యాపారి గుమ్మంలోనే ఉన్నారు. రూపాయి హారంలో ఉంటే పెద్ద అప్పు దొరికేవాడే కనిపిస్తాడు. పైగా నిజ జీవితంలో ఒకే కౌలు రైతు సంఘంలో కొంత, మిల్లరు దగ్గర కొంత, చుట్టాల దగ్గర కొంత తెస్తాడు. అతన్ని ఏదో ఒక్క గడిలో పెట్టలేం. ప్రతి గడిలోనూ అతను ఉండాలి, కానీ ఒక్క మనిషిగానే ఉండాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు కూడా ఇంటింటికీ నష్టం లెక్క రాశారు. గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇంటికి 25 వేలు, ఆ పైన ఉన్న ఇంటికి 10 వేలు చొప్పున ప్రభుత్వం సాయం ప్రకటించింది. అంటే హారం ఇల్లు. ఇది మంచి పద్ధతే. ఎందుకంటే అలాంటి చోట వస్తువుల జాబితాను హారంగా తీసుకుంటే ఫ్రిజ్జు, టీవీ, వాషింగ్ మెషీన్, సోఫా అని పది పేర్లు రాయించగల ఇల్లు పదిసార్లు లెక్కకు వస్తుంది. మంచం, గ్యాసు పొయ్యి, బియ్యం డబ్బా తప్ప ఏమీ లేని ఇల్లు మూడుసార్లే వస్తుంది. ఎక్కువ ఉన్నవాడికి ఎక్కువ గొంతు, తక్కువ ఉన్నవాడికి తక్కువ గొంతు. నీళ్లు మాత్రం రెండు ఇళ్లలోనూ ఒకే ఎత్తున నిలిచాయి.

టిక్కుల మీద కట్టిన శాతానికి అసలు ఉపయోగమే లేదా అని ఎవరైనా అడగవచ్చు. ఉంది. హాస్టల్‌కు వచ్చిన 240 ఫిర్యాదులను ఏ విభాగానికి ఎన్ని పంపాలి, ప్లంబర్‌కు ఎంత పని, ఎలక్ట్రీషియన్‌కు ఎంత పని అని పంచుకోవడానికి ఆ లెక్కే కావాలి. అక్కడ మనం కొలుస్తున్నది పనిని. పనిని కొలిచిన కొలత మీద "ఇంత మంది విద్యార్థులు" అని రాయడమే తప్పు. "ఫిర్యాదుల్లో 30 శాతం" అని రాస్తే మాకు ఏ అభ్యంతరమూ లేదు. "30 శాతం విద్యార్థులు" అని రాస్తే ఒప్పుకోం.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. మన అర్జీ మనమే రాసుకునేటప్పుడు 72 కంటే 80 బలంగా కనిపిస్తుంది. పది మందిని వదిలేస్తే మన డిమాండుకు ఊపు వస్తుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. అయినా 72 అనే రాయాలి. మనల్ని హారంలోంచి తీసేస్తే కోపం వచ్చే మనం, మన అవసరానికి ఇంకొకర్ని తీసేయకూడదు. ఏ ఇబ్బందీ లేదన్న ఆ పది మందీ మన హాస్టల్ పిల్లలే. పైగా 72కు ఎవరూ వంక పెట్టలేరు. 80 అంటే ఒక్క ప్రశ్నతో అర్జీ మొత్తం పడిపోతుంది.

కాబట్టి చేయాల్సిన పనులు చెబుతాం. కష్టమైనవి ఏమీ కావు. ఎక్సెల్ షీటులో ఒక విద్యార్థికి ఒక అడ్డు వరుస, ఒక ఇబ్బందికి ఒక నిలువు వరుస వేయండి. టిక్కు ఉంటే 1, లేకుంటే 0 రాయండి. ఆ నిలువు వరుస సగటు కట్టి వందతో హెచ్చిస్తే మనుషుల్లో శాతం వస్తుంది. అంతకంటే సూత్రం అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త, 0 రాయాల్సిన చోట ఖాళీ వదలకండి. సగటు కట్టేటప్పుడు ఎక్సెల్ ఖాళీ గడులను వదిలేస్తుంది, అప్పుడు మిగిలినవన్నీ 1లే కాబట్టి ప్రతి సమస్యకూ 100 శాతం వస్తుంది. అసలు కాగితమే ఇవ్వని విద్యార్థి వరుసను మాత్రం ఖాళీగా ఉంచి, వాళ్లెంతమందో విడిగా రాయండి. ఇక గ్రాఫు కింద ఒక్క వాక్యం: "ప్రాతిపదిక 100 మంది విద్యార్థులు, ఒక్కొక్కరు ఒకటి కంటే ఎక్కువ జవాబులు ఇచ్చారు కాబట్టి మొత్తం 100 దాటుతుంది." ఈ వాక్యం లేని గ్రాఫును మన నోటీసు బోర్డు మీద కూడా అంటించనివ్వకూడదు.

లెక్కలు మన వంశంలో లేవని ఎవరూ అనుకోవద్దు. ప్రపంచ ప్రసిద్ధ గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు చిన్నప్పటి చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నంలలో సాగింది. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. మనం బస్సులో దాటివెళ్లే ఊళ్లలోనే ఆయన ఎక్కాలు చదివారు. అంబేడ్కర్ కూడా 1918లో చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలో ఒక కమతం చిన్నదా పెద్దదా అన్నది ఎకరాలను మాత్రమే చూసి తేల్చలేమని, దాని మీద పెట్టే పెట్టుబడి, శ్రమతో పోల్చి చూడాలని వాదించారు. దేంతో పోల్చి చెబుతున్నావు అన్న ప్రశ్న నూరేళ్ల కిందటే ఆయన వేశారు.

ఈ హాస్టల్ నుంచి వెళ్లిన అన్నలు, అక్కలు ఈ రోజు గ్రామ, వార్డు సచివాలయాల్లో, బడుల్లో, బ్యాంకుల్లో ఉన్నారు. ఇంటింటి సర్వేలు మీ చేతుల మీదుగానే జరుగుతాయి. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జనగణన చేస్తామని, అందులో కులాల లెక్క కూడా ఉంటుందని కేంద్ర ప్రభుత్వం 2025లో ప్రకటించింది. కులం గడిలో మనిషికి ఒకటే జవాబు, అక్కడ మొత్తం నూరే. ఇంట్లో ఉన్న వసతుల గడుల్లో ఒక ఇంటికి ఎన్నో జవాబులు, అక్కడ మొత్తం నూరు దాటాలి. ఈ రెండింటినీ కలగలపకుండా చూడగల మనుషులు మన ఊళ్లకు కావాలి. ఆ మనుషులు మీరే కావాలని మా కోరిక.

హాస్టల్ కమిటీకి మా ప్రతిపాదన ఒక్కటే. వచ్చే వార్షికోత్సవానికి మన ఇబ్బందుల సర్వే మనమే చేద్దాం. ఆరో తరగతి తమ్ముడి నుంచి పీజీ వరకు ప్రతి ఒక్కరికీ ఒక కాగితం, చివర్లో "ఏదీ లేదు" అనే గడి. ఫలితాలను ఈ సంచికలోనే అచ్చు వేద్దాం. లెక్క కట్టే బాధ్యత మేము తీసుకుంటాం. తప్పులు పట్టే బాధ్యత తమ్ముళ్లు తీసుకోవాలి. ఎవరు ఏ శాతం చెప్పినా, చివరికి మేము చెప్పినా సరే, మన అమ్మానాన్నలు వడ్డీ దగ్గర అడిగినట్టే అడగండి, ఏ నూటికి అని.